ఎవరి నిదానం, ఎవరి కూలి

రాజోలి ఇప్పుడు సొంతంగా ఒక మండలం. 2016లో జోగులాంబ గద్వాల జిల్లా ఏర్పడేదాకా వడ్డేపల్లి మండలంలోనే ఉండేది. పట్నం దుకాణంలో గద్వాల చీర అని మడత విప్పి చూపించేదంతా గద్వాల పట్నంలోనే నేసి ఉండాలని లేదు. రాజోలి, ఐజ లాంటి ఊళ్ల గుంట మగ్గాల మీద దిగినదీ గద్వాల చీరే. ఈ ఊళ్ల చుట్టూ ఉన్నది మాత్రం పత్తి. అదీ విత్తనాల కంపెనీలకు పండించే సీడు పత్తి. సాయంత్రం మొగ్గలు గిల్లి పెట్టుకుని, మర్నాడు పొద్దున మగపూలు తెచ్చి ఒక్కొక్క ఆడపూవుకూ చేత్తో రుద్దాలి. క్రాసింగు అంటారు. ఆ రోజుల్లో కూలికి మనుషులు దొరకడం కష్టం. మగ్గానికీ చేనుకూ చేతుల కోసం పోటీ అక్కడే మొదలవుతుంది.

ఈ సంవాదంలో మాట్లాడేది మామ, అల్లుడు. మామ మగ్గం మనిషి, అరవైకి దగ్గర పడ్డాడు. అల్లుడు ఆయన అక్క కొడుకు. డిగ్రీ చదివి, కొన్నాళ్లు హైదరాబాదులో బట్టల దుకాణంలో పనిచేసి, ఇప్పుడు శాంతినగర్‌లో ఉంటూ ఫోనులో చీరలు అమ్ముతున్నాడు. ఇద్దరికీ పేర్లు పెట్టలేదు. ఇలాంటి మామలూ ఇలాంటి అల్లుళ్లూ మగ్గాలున్న ఊళ్లలో చాలామందే ఉంటారు, ఒక్కరి నెత్తిన రుద్దడం దేనికి? ఇంట్లో రెండు మగ్గాలు. ఒకదాని మీద షావుకారు ఇచ్చిన నూలు, షావుకారు చెప్పిన డిజైను, చీరకు ఇంత అని కూలి. ఆ చీర కోశాకే మామ రెండో గుంటలో దిగుతాడు. అక్కడ నడిచేది ఆయన సొంత చీర. తగువంతా ఆ రెండో దాని గురించే.

అల్లుడు: మామా, ఆ చీర ఎప్పుడు కోస్తవు?

మామ: అయినప్పుడు కోస్త.

అల్లుడు: హైదరాబాదు నుంచి ఒకామె అడ్వాన్సు పంపింది. దసరాకు కట్టుకుంటదంట. ఎంతవరకు వచ్చింది, ఫోటో పెట్టు అని రోజూ మెసేజీలు. ఏమని చెప్పాలె?

మామ: మగ్గం మీద ఉన్నదని చెప్పు.

అల్లుడు: పోయిన నెల గూడ అదే చెప్పిన.

మామ: అబద్ధమైతే కాదు గద.

అల్లుడు: నవ్వులాట కాదు మామా. షావుకారు చీర ఎప్పటికప్పుడు కోసి ఇస్తవు. అదే ఇల్లు, అదే చెయ్యి. నీ సొంతంది అనంగనే నెలలు పడతది. ఎందుకట్ల?

మామ: షావుకారు చీరకు డిజైను ఆయనది, జకార్డు అట్టలు ఆయనవి. తప్పు వస్తే కూలి తగ్గిస్తడు, అంతటితో సరి. ఇది అట్ల కాదు. అలంపురం నవబ్రహ్మ గుళ్లకు రాతి జాలి కిటికీలు ఉన్నయి, చూసినవు గద? చిన్నప్పటి నుంచి నా కండ్ల ముంగలనే ఉన్నట్టుంటయి. దాన్ని అంచుల పెట్టాలని ఆశ. రాయి రాయిలెక్కనే నిలబడతది. బట్ట నిలబడదు. జరీ ఎక్కువైతే అంచు బిర్రుగ అయితది, ఒళ్లు వదులుగ పడతది. గళ్ల కాగితం మీద గీసి గీసి చెరిపిన. అట్టలు కొట్టిచ్చినంక గూడ మళ్ల మార్పిచ్చిన.

అల్లుడు: మొదట గీసింది నాకు చూపిచ్చినవు. బాగనే ఉండె.

మామ: నీకు బాగనే ఉండె. నాకు లేకుండె.

ఈ జవాబు వినడానికి దర్జాగా ఉంటుంది. అమ్మి పెట్టేవాడికి మాత్రం ఒళ్లు మండుతుంది.

అల్లుడు: యాడనో మరమగ్గాల మీద గద్వాల మోడల్ అని దింపి అమ్ముకుంటున్నరు. ఫోనుల చూస్తే నీదేదో వాళ్లదేదో తెల్వదు. చేనేతకు ఇన్ని రకాలు రిజర్వు అని 1985ల చట్టం వచ్చె. 2010ల గద్వాల చీరకు జీఐ గుర్తింపు వచ్చె. వచ్చినా ఆ చీరలు ఆగినయా? నీ నిదానాన్ని కాపాడేది ఎవరు?

మామ: ఫోనుల తెల్వదు. తిప్పి చూస్తే తెలుస్తది. ఇట్ల రా, కుట్టు చూడు.

ఇక్కడ మామ మాటల కన్నా మగ్గాన్ని చూడడం మేలు. గద్వాల చీరకు ఒళ్లు నూలు. అంచూ కొంగూ పట్టు. పడుగులోనే నడుమ నూలు పోగులు, రెండు పక్కలా పట్టు పోగులు సాగి ఉంటాయి. పేకకు ఒక్క నాడె చాలదు, మూడు కావాలి: ఒళ్లుకు ఒకటి, కుడి అంచుకు ఒకటి, ఎడమ అంచుకు ఒకటి. ఒళ్లు పేక అంచు దాకా వచ్చి, అక్కడ అంచు పేకతో మెలిపడి వెనక్కి తిరగాలి. పేక వేసిన ప్రతిసారీ అంతే, రెండు పక్కలా అంతే. సూది లేని ఈ అతుకునే కుట్టు అంటారు. మెలి బిగిస్తే బట్ట అక్కడ ముడుచుకుంటుంది, వదిలితే సందు కనబడుతుంది. అందుకే ఈ మగ్గానికి ఒక్క మనిషి చాలడు, పక్కన ఇంకొకరు కూర్చుని ఆ వైపు అంచు చూసుకోవాలి. కుట్టు వద్దనుకుని ఒకే నాడెను ఈ కొస నుంచి ఆ కొసకు కొట్టేస్తే పని చప్పున తెములుతుంది. కానీ ఒళ్లు రంగు పేక అంచులోకి దూరుతుంది. ఆకుపచ్చ ఒళ్లుకు ఎర్రంచు వేస్తే అది నిక్కమైన ఎరుపుగా ఉండదు, మసకబారినట్టు ఉంటుంది. దుకాణంలో గొలుసులూ లక్ష్మీబిళ్లలూ లెక్కపెట్టే వాళ్లు ముందు ఈ అంచు ఎరుపును చూడాలి. ఇక కొంగు మొదలయ్యే చోట నూలు పడుగు పోగులకు పట్టు పోగులు జతచేయాలి. ఆ పని చూస్తూ కూర్చోవడానికే ఓపిక కావాలి.

అల్లుడు: కుట్టు గురించి నేను మాట్లాడతలేను మామా. దానికి పట్టే కాలం పట్టనీ. గుంటల దిగకుండ కాగితాలు ముంగలేసుకొని కూసుంటవు చూడు, ఆ కాలం సంగతి చెప్పు. దానికి ఎవరు పైసలిస్తరు?

మామ: ఎవరూ ఇయ్యరు.

అల్లుడు: మరి?

మామ: షావుకారు చీరతోని ఇల్లు నడుస్తది. మిగిలిన పొద్దు నాది. 2009ల వరద వచ్చినప్పుడు నువ్వు చిన్న పోరనివి. మేము అప్పుడు రాజోలిలనే ఉంటిమి. తుంగభద్ర ఊర్లకు వచ్చె. నీళ్లు తీసినంక పోయి చూస్తే మగ్గం గుంట ఏడున్నదో తెల్వదు, అంతా ఒక్క తీరు బురద. తట్టలతోని ఎత్తిపోసినం. పడుగు కుళ్లిపాయె. అచ్చు పనికిరాకుండ పాయె. నేను గీసుకున్న కాగితాలు ముద్దయిపాయె. గుంట ఎండేదాకా కాలు పెట్టనీకి లేదు. ఆ తర్వాత శానా ఏండ్లు సొంత చీర మాట ఎత్తలే. కూలి చీరలే నేసిన. పైసలు వస్తుండె, తింటుంటిమి. మగ్గంల నుంచి లేచినంక పొద్దంత ఏ రంగు నేసినవు అంటే మాత్రం చెప్పలేకపోతుంటి.

అల్లుడు: అందుకని మళ్ల ధైర్యం చేసినవా?

మామ: అందుకని ఏం కాదు. పిల్లల చదువులు అయిపోయె, చిన్నదాని పెండ్లి అప్పు తీరె. అప్పు తగ్గితే ధైర్యం దానంతట అదే వస్తది అల్లుడూ.

కళాకారుడి ధైర్యం గురించి వ్యాసాలు రాసేవాళ్లు అప్పు సంగతి వదిలేస్తుంటారు. మామ వదల్లేదు. అల్లుడు కూడా వదిలే రకం కాదు.

అల్లుడు: అది ధైర్యమా, మొండితనమా?

మామ: చూసేటోళ్లకు రెండూ ఒక్కతీరుగనే కనపడతయి. చీర మంచిగొస్తే ధైర్యం అంటరు, రాకుంటే మొండోడు అంటరు.

అల్లుడు: సరే, దేవుని సంగతే తీసుకుందాం. ఏటా తిరుమల బ్రహ్మోత్సవాలకు గద్వాల నుంచి ఏరువాడ జోడు పంచెలు పోతయి. సంస్థానం కాలం నుంచి నడుస్తున్న మర్యాద. మండలం రోజులు దీక్షగ ఉండి నేస్తరు. నీకన్న నియమమున్న పనే గద అది? దానికి గూడ తారీకు ఉన్నది. ఉత్సవాలు అయినంక పట్టుకపోతే స్వామి కట్టుకుంటడా?

మామ: కట్టుకోడు. అయితే వాళ్లు ఎప్పుడు మొదలుపెడతరు?

అల్లుడు: ముందుగాలనే.

మామ: ఆ తారీకు నుంచి వెనక్కి లెక్కపెట్టుకొని మగ్గంల దిగుతరు. ఇన్ని రోజులు పడతదని నేసేటోనికీ తెలుసు, నేయిచ్చేటోనికీ తెలుసు. నువ్వేం చేస్తివి? నన్ను ఒక్క మాట అడగకుండ దసరాకు ఇస్తనని ఒప్పుకొని, అడ్వాన్సు తీసుకొని, ఇప్పుడు వచ్చి ఎప్పుడు కోస్తవు అంటవు. కూడవెల్లి సంగమేశ్వరుని గుడి సంగతి ఎరుకే గద? శ్రీశైలం డ్యాము నీళ్లు వస్తున్నయని రాయి రాయి విప్పి అలంపురం తెచ్చి మళ్ల పేర్చిరి. నీళ్లకు తొందర ఉంటే ఉండె. పేర్చేటోడు రాయి మీద రాయి కూసునేదాకా ఆగాల్సిందే గద.

అల్లుడి దగ్గర దీనికి జవాబు లేదు. జవాబు లేనప్పుడు తెలివైనవాడు ఏం చేస్తాడో అదే చేశాడు, ఇంకో ఉదాహరణ తీశాడు.

అల్లుడు: మన ఇటికాలపాడు సురవరం ప్రతాపరెడ్డి గారిని చూడు. 1926ల గోలకొండ పత్రిక పెట్టిండు. వారానికి రెండుసార్లు అచ్చు పడాలె. మనసు కుదిరినంక రాస్త అంటే పత్రిక నడుస్తదా? తెలంగాణల కవులే లేరని ఒకాయన అంటే, 1934ల 354 మంది కవులతోని గోలకొండ కవుల సంచిక తెచ్చి చేతుల పెట్టిండు. తరుముతుంటేనే పని అయితది మామా.

మామ: ఆయన పేరు చెప్పంగనే యాదికొచ్చే పుస్తకం ఏది?

అల్లుడు: ఆంధ్రుల సాంఘిక చరిత్ర.

మామ: అది ఎప్పుడొచ్చె?

అల్లుడు: 1949ల.

మామ: పత్రిక పెట్టిన ఇరవై మూడేండ్లకు. అంటే ఆయనకు గూడ రెండు మగ్గాలు ఉన్నట్టే గద?

అల్లుడు: ఉంటే ఉండె. తెలుగుల మొట్టమొదటి కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు ఆ పుస్తకానికే వచ్చె, 1955ల. ఆయన 1953లనే కాలం చేసె. అలంపురం గడియారం రామకృష్ణశర్మ గారి శతపత్రముకు 2007ల వచ్చె, ఆయన అంతకు ముందేడే పోయె. మన పక్క నిదానం మనుషులకు బతికున్నప్పుడు చేతికి అందలే. నా భయం అదే. నువ్వు పోయినంక నీ జాలి కిటికీ చీరను ఎవరో అద్దాల బీరువల పెడితే నాకేం సంబురం?

అల్లుడు ఇక్కడ కొంచెం అన్యాయం చేశాడు. ఆ ఇద్దరినీ బతికుండగా ఎవరూ ఎరగరన్నట్టు మాట్లాడాడు. ప్రతాపరెడ్డి గారు 1952లో వనపర్తి నుంచి శాసనసభకు గెలిచిన మనిషి. రామకృష్ణశర్మ గారు అలంపురం గుళ్ల చరిత్రకు పెద్ద దిక్కు. అయినా అల్లుడి భయం తీసిపారేయదగ్గది కాదు. అవార్డు ఆలస్యమైతే నష్టం పెద్దగా ఉండదు, కూలి ఆలస్యమైతే ఆ పూట గడవదు.

మామ: అవార్డు వస్తదని వాళ్లు రాయలే గద.

అల్లుడు: ఆ మాట పనిచేసేటోడు అంటడు. ఇంట్లోవాళ్లను ఎవరూ అడగరు. ఆలేరు పక్క చింతకింది మల్లేశం లేడూ? వాళ్లమ్మ ఆసు పోసీ పోసీ భుజం నొప్పితోని తిప్పలు పడుతుంటే చూడలేక ఆసు యంత్రం చేసిండు.

మామ: మన చీరకు ఆసు యాడిది? అది పోచంపల్లి పక్క రంగులు కట్టే చీరలకు.

అల్లుడు: లేకుంటే లేకపాయె. ఆయన నేత జోలికి పోలే. నేతకు ముందు ఆడోళ్లు చేసే చాకిరీని పట్టుకుండు. నేను చెప్పేది అది.

మామ: ఎన్నేండ్లు పట్టె ఆ మిషను చేయనీకి?

అల్లుడు: 1992ల మొదలుపెడితే 1999కి అయింది.

మామ: ఏడేండ్లు! 2017ల పద్మశ్రీ ఇచ్చిరి, సినిమా గూడ తీసిరి. ఆ ఏడేండ్లల ఎవడన్న పోయి దసరాకు అయితదా అని అడిగిండా?

దెబ్బ బాగానే తగిలింది. తొందరను తెచ్చే యంత్రం పుట్టింది అంత నిదానంగా. అల్లుడు నవ్వి ఒప్పుకున్నాడు కూడా. కానీ అతను దాచి ఉంచుకున్న ప్రశ్న ఇంకొకటి ఉంది. అసలు అది అడగడానికే వచ్చాడేమో అని నాకు అనుమానం.

అల్లుడు: కండెలు ఎవరు చుడుతున్నరు మామా?

మామ: మీ అత్త.

అల్లుడు: పక్కన కూసోని ఆ అంచు ఎవరు చూసుకుంటరు?

మామ: మీ అత్తనే. ఇంకెవరు?

అల్లుడు: షావుకారు ఇచ్చే కూలిల అత్తది ఎంత?

మామ: ఆమెదేంది, నాదేంది. ఇంటికి వస్తది.

అల్లుడు: నీ సొంత చీరకు నెలలు పడితే ఆ నెలలన్నీ ఆమె గూడ కూసోవాలె. అదే క్రాసింగుకు పోతే ఏ రోజు కూలి ఆ రోజు చేతుల పడతది. నీ కాలం అని అంటున్నవు చూడు, అందుల సగం ఆమెది. షావుకారు తరిమితే నీకు కోపం వస్తది. ఆమెను నువ్వు కూసోబెడితే ఆమెకేం వస్తది?

మామ ఈసారి చప్పున జవాబివ్వలేదు. నాకు ఈ సంవాదం రాయాలనిపించింది ఈ చోటు కోసమే. తన వేగం తనదే, లోకం తరిమినా బెదరనని చెప్పే ప్రతి కళాకారుడి వెనకా ఇంకొకరి పొద్దు ఖర్చవుతుంటుంది. కవి గదిలో ఉంటే బయట పిల్లలను సముదాయించేది ఎవరో ఒకరు. రాత పనిలో అది కంటికి కనిపించదు. గద్వాల మగ్గంలో పక్కపక్కనే కూర్చుని కనిపిస్తుంది, అయినా మనం చూడం. ఢాకా జమ్దానీ మగ్గం మీదా ఇద్దరే కూర్చుంటారు; ఒకరు ఉస్తాదు, ఇంకొకరు శిష్యుడు. ఆ నేత కళను యునెస్కో 2013లో మానవాళి అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. అక్కడ రెండో మనిషికి శిష్యుడనే పేరైనా ఉంది, రేపు ఉస్తాదు అవుతాడు. ఇక్కడ రెండో మనిషి ఎన్నేళ్లు కూర్చున్నా నేతగాని పెళ్లామే. కుట్టు దగ్గర తొందర పెట్టొద్దన్న మామతో నాకు పేచీ లేదు. ఆ నిదానానికి సొమ్ము ఎవరి దగ్గర నుంచి తెస్తున్నాడన్నదే పేచీ. సొంత మగ్గం ఆపేయమని అల్లుడు అన్నా నేను ఒప్పుకోను. అతను అలా అనలేదు కూడా.

అత్త లోపల రాట్నం దగ్గర కండెలు చుడుతూ అంతా వింటూనే ఉంది.

అత్త: నా సంగతి నన్ను అడగకుండ ఇద్దరు భలే మాట్లాడుకుంటున్నరు. అల్లుడూ, ఆ చీర నాకు గూడ ఇష్టమే. మొదట గీసినప్పుడు కిటికీ సందులు మరీ సన్నగున్నయి, జరీ పడితే పూడిపోతయని చెప్పింది నేనే. అట్టలు మార్పిచ్చింది అందుకే. చెప్పిండా మీ మామ?

మామ: చెప్పనీకే పోతుంటి.

అత్త: చెప్పకుంటే పాయె. నా మాట రెండే. కండెలకు, పక్కన కూసున్నదానికి కూలి విడిగ రాయాలె, చీర అమ్మంగనే నా చేతికి ఇయ్యాలె. క్రాసింగు నడిచినన్ని దినాలు నేను చేనికి పోత. చీకటి పడినంక మగ్గం దగ్గరికి పిలిస్తే రాను. లైటు కింద నాకు పోగు ఆనుతలేదు.

మామ: అట్లయితే దసరా కాదు గద, సంక్రాంతికి గూడ కాదు! ఇప్పటికే ఎంత లేటయింది?

అల్లుడు: లేటయిందా? ఆ మాట అన్నది నువ్వేనా మామా?

మామ: నువ్వుండు. కుట్టు రెండు పక్కల ఒక్క చేతివాటంల రావాలె. ఈమె వీలు చూసుకొని వస్తే అందాక నేనేం చేయాలె?

అత్త: కాగితాలు ముంగలేసుకొని కూసో. కొంగుకు ఇంకా గీసింది లేదు గద.

అల్లుడు ఫోను తీసి హైదరాబాదు ఆమెకు మెసేజి పెట్టాడు. చీర దసరాకు అందదు, అడ్వాన్సు కావాలంటే వెనక్కి పంపుతాను, ఉంచమంటే ఉంచుతాను, ఇద్దరు నేసే చీర కాబట్టి ధర కొంచెం పెరుగుతుంది అని. కాసేపటికి జవాబు వచ్చింది. డబ్బు ఉంచమంది. ఉగాదికైనా అవుతుందా అని అడిగింది.

అల్లుడు: ఏం చెప్పాలె మామా?

మామ: నన్నెందుకు అడుగుతవు? మీ అత్తను అడుగు.